నాలుగు పొట్లాల జటామాంసి

సోమవారం పొద్దున టీ తాగుతూ పదిహేడో నంబరు బస్సు డ్రైవరు ఆ వారం కార్యక్రమాన్ని ఇంట్లోవాళ్లకు వినిపించాడు. మంగళ, బుధవారాలు మామూలు డ్యూటీ. గురువారం వారపు సెలవు. శుక్రవారం పొద్దున పది గంటలకు డిపో ఆసుపత్రిలో వైద్య పరీక్ష, పన్నెండున్నరకు భోజనం, రెండింటికి మళ్లీ బస్సు. వినడానికి ఇందులో వింతేమీ లేదు. కాకపోతే ఆ పది గంటల పని సవ్యంగా జరిగితేనే రెండు గంటల పని ఉంటుంది, అదీ చిక్కు.

ఆయన ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ ఒక్క దారిలోనే తిరుగుతున్నాడు. రైల్వే గేటు నుంచి రేవు దాకా ముప్పై ఒక్క స్టాపులు. ఏ మలుపులో పిల్లలు బంతి కోసం రోడ్డు మీదికి దూకుతారో, ఏ స్టాపులో ఎవరు చేతికర్ర ముందు పెట్టి ఎక్కుతారో ఆయనకు కంఠతా వచ్చు. ఇన్నేళ్లలో ఒక్క గీత పడలేదు, బస్సుకు గానీ మనిషికి గానీ. ఇంతటి మనిషికి ఒక్కటే బలహీనత. తెల్లకోటు కనబడితే చాలు, చేతికి పట్టీ చుట్టేలోపే రక్తపోటు పైకి ఎగబాకుతుంది. రోజూ పొద్దున ఒక మాత్ర వేసుకుంటాడు. మామూలు వేళల్లో ఎంత ఉంటుందో మాత్రం ఎవరికీ తెలియదు, ఎందుకంటే రక్తపోటు కొలిచే యంత్రాన్ని ఆయన గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు.

పోయిన ఏడాది పాత డాక్టరు చూసినప్పుడు నూట అరవై ఆరు. ఫ్యాను కింద అరగంట కూర్చోబెట్టి మళ్లీ చూస్తే నూట డెబ్భై. ఈసారికి వదిలేస్తున్నాను, వచ్చే ఏడాది కూడా ఇలాగే ఉంటే గొడుగుల గదికి పంపక తప్పదు అన్నాడాయన. ప్రయాణికులు బస్సుల్లో మరచిపోయిన వస్తువులను దాచే గది అది. ముప్పాతిక మువ్వీసం గొడుగులే. రక్తపోటు వల్ల స్టీరింగు వదిలిన ఒక పాత డ్రైవరు ఇప్పుడక్కడ కూర్చుని గొడుగులకు చీటీలు కడుతున్నాడు. బయట బస్సు కదిలిన చప్పుడు వినబడగానే ఆయన కుడికాలు తనంతట తానే నేలను నొక్కుతుంది. మన డ్రైవరు ఆ కాలిని ఒకసారి చూశాడు. ఆ తర్వాత ఆ గది వైపు వెళ్లలేదు.

అందుకని టీ కప్పు కింద పెట్టి ఇంట్లోవాళ్లకు ఒక ఆజ్ఞ జారీ చేశాడు.

"శుక్రవారం దాకా ఈ ఇంట్లో బీపీ అన్న మాట వినబడకూడదు. డాక్టరన్న మాట కూడా. వింటేనే నాకు పెరిగిపోతుంది."

భార్య సరేనంది. తల్లి నేనేమన్నానురా అంది. పక్క వీధిలో ఉండే కండక్టరు, పదకొండేళ్లుగా అదే బస్సులో ఈల ఊదుతున్నవాడు, డ్యూటీకి పిలవడానికి వచ్చి గుమ్మంలోనే ఈ మాట విని తలూపాడు. ముగ్గురూ మాట మీద నిలబడే మనుషులు. ఆ సంగతి మాట్లాడటం ఆ క్షణం నుంచే మానేశారు. ఆలోచించడం మానమని ఆయన చెప్పలేదు కదా.

బజారు చివర ఒక మూలికల దుకాణం ఉంది. దాన్ని నడిపే ఆవిడను అందరూ ప్రశ్నల పెద్దమ్మ అంటారు. ఆవిడ దగ్గర చిటికెడు పొడి కొనాలన్నా ఎనిమిది ప్రశ్నలకు జవాబు చెప్పాలి. చెట్టు వేరే కదా, మంచి చేయకపోయినా చెడు చేయదు అనేవాళ్లంటే ఆవిడకు ఒళ్లు మంట. అలాంటివాళ్లను అక్కడే నిలబెట్టి, ఏ వేరు ఎవరికి పడదో పావుగంట చెప్పి, వట్టి చేతులతో పంపిన రోజులున్నాయి. జవాబులు తృప్తిగా ఉంటేనే ముదురు గోధుమరంగు కాగితంలో నాలుగు మూలలూ మడిచి పొట్లం కడుతుంది. దాని మీద నీలం పెన్సిలుతో మోతాదు రాస్తుంది.

మంగళవారం మధ్యాహ్నం డ్రైవరు భార్య ఆ దుకాణం మెట్లెక్కింది. మనసు కుదుటపడటానికి ఏదైనా ఉందా అని అడిగింది. పెద్దమ్మ ఒక సీసా మూత తీసి చూపించింది. లోపల జడలు కట్టిన వెంట్రుకల్లాంటి గోధుమరంగు వేళ్లు. వాసన గట్టిగా ముక్కుకు తగిలింది. తడి మట్టి వాసనకు పాత పెట్టె వాసన తోడైతే అలా ఉంటుంది. ఇది జటామాంసి, మంచుకొండల్లో ఎక్కడో ఎత్తున పెరుగుతుంది, నిద్ర పట్టనివాళ్లకూ గాభరా పడేవాళ్లకూ పెద్దవాళ్లు ఇచ్చేవాళ్లు, తలనూనెలోనూ కాచేవాళ్లు అని చెప్పింది. ఇప్పుడు జనం తవ్వి తవ్వి కొండల మీద కరువైపోయిందనీ, దీని పేరు చెప్పి వేరే వేళ్లు అమ్మేవాళ్లు బయలుదేరారనీ కాసేపు తిట్టింది. తర్వాత ప్రశ్నలకు దిగింది.

"ఎవరికి?"

"నాకే పెద్దమ్మా. నిద్ర పట్టడం లేదు."

"మాత్రలేమైనా వేసుకుంటున్నావా? బీపీకి, షుగరుకి, నిద్రకి?"

"ఏమీ లేవు."

"కడుపుతో ఉన్నావా?"

"ఈ వయసులోనా?"

"అడిగిందానికి జవాబు చెప్పు. బండి నడుపుతావా?"

"నాకు సైకిలు కూడా రాదు."

మొదటి జవాబు తప్పించి అన్నీ అక్షరాలా నిజాలే. పెద్దమ్మ తృప్తి పడి పొట్లం కట్టింది. రాత్రి పడుకునే ముందు గోరువెచ్చని పాలలో చిటికెడు, ఒక్కపూటే. వారంలో గుణం కనబడకపోతే నా దగ్గరికి రావద్దు, డాక్టరు దగ్గరికి వెళ్లు అంది.

బుధవారం పొద్దున డ్రైవరు తల్లి వచ్చింది. తలనూనె కాచుకోవడానికి, తనకే, తల వేడిగా ఉంటోంది అంది. బండి నడుపుతారా అని అడిగితే, తనకు డెబ్భై ఆరేళ్లని గుర్తు చేసింది. మధ్యాహ్నం విరామంలో కండక్టరు వచ్చాడు. తనకు కోపం ఎక్కువైందనీ, మెట్టు మీద వేలాడేవాళ్లను చూస్తే ఒళ్లు ఊగిపోతోందనీ చెప్పుకున్నాడు. బండి నడపను, ఈల మాత్రమే ఊదుతాను అన్నాడు. అదీ నిజమే. పెద్దమ్మ ముగ్గురికీ మూడు పొట్లాలు కట్టి, ఊళ్లో ఉన్నట్టుండి ఇంతమందికి మనశ్శాంతి ఎలా పోయిందా అని ఆశ్చర్యపడింది. ముగ్గురూ ఒకే మనిషి కోసం వచ్చారని ఆవిడకెలా తెలుస్తుంది?

గురువారం సెలవు కదా, గడ్డం గీయించుకుని వస్తానని చెప్పి డ్రైవరు కూడా బయలుదేరాడు. గడ్డం గీయించుకున్న మాట నిజమే. దారిలో పెద్దమ్మ దుకాణం కూడా తగిలింది. మా ఆవిడకు కావాలి అన్నాడు. ఆవిడ మాత్రలు వేసుకోదు, గర్భవతి కాదు అని గడగడా చెప్పుకుపోయాడు. బండి ప్రశ్న దగ్గర మాత్రం నాలుక తడబడింది.

"ఆవిడ నడపదండీ. నడిపేది నేను."

"అయితే మీరు దీని జోలికి పోకండి నాయనా. మత్తుగా ఉంటుంది. బీపీ మాత్రలు గానీ వేసుకుంటుంటే ఉన్నట్టుండి బీపీ కిందికి పడిపోయి కళ్లు తిరుగుతాయి."

"నాకెందుకండీ," అన్నాడు డ్రైవరు, పొట్లాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకుంటూ. పడిపోతుందన్న మాట ఒక్కటే ఆయన చెవికెక్కింది. పడిపోవడమే కదా ఆయనకు కావలసింది.

ఆ మధ్యాహ్నానికి ఇల్లంతా జటామాంసి వాసన. వంటగది పై అరలో పప్పు డబ్బా వెనక భార్య పొట్లం, పెరటి పొయ్యి మీద తల్లి నూనె, డ్రైవరు జేబులో ఆయన పొట్లం. ఎవరికి వారు ఆ వాసన తమ పొట్లానిదే అనుకుని లోలోపల కుమిలిపోయారు. ఎవరో ఒకరు అడిగేలోపే సమాధానం చెప్పేయడం మంచిదని భార్యకు తోచింది. ఎలుక ఏదో చచ్చినట్టుంది అంది. తల్లి వెంటనే అవును, అల్మారా వెనకే అయి ఉంటుంది అంది. డ్రైవరు ముక్కు ఎగబీల్చి, నిన్నటి నుంచీ నాకూ అనుమానంగానే ఉందన్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. చచ్చిన ఎలుక ఉందని ఒప్పుకున్నాక వెతకక తప్పుతుందా? అల్మారాలో బట్టలన్నీ తీసి మంచం మీద వేశారు. అది చాలా బరువైన అల్మారా. అప్పుడే పలకరించడానికి వచ్చిన కండక్టరు కూడా ఒక చేయి వేశాడు. ఆ వాసన అతని చొక్కా జేబులోంచి కూడా వస్తోంది కాబట్టి, అందరికంటే అతనే ఎక్కువ హుషారుగా తోశాడు. వెనక ఎలుక లేదు. మంచం కింద చూశారు. బీరువా కింద చీపురు పెట్టి లాగారు. లేని ఎలుక కోసం నలుగురు పెద్దమనుషులు గంటన్నర సేపు వంగి లేచి, చెమటలు కక్కి, చివరికి అది కిటికీలోంచి వెళ్లిపోయి ఉంటుందని తీర్మానించారు. చచ్చిన ఎలుక కిటికీలోంచి ఎలా వెళ్తుందని ఒక్కరూ అడగలేదు.

ఆ సాయంత్రం నుంచీ వైద్యం మొదలైంది. తలనొప్పిగా ఉందన్న నెపంతో డ్రైవరు గదిలో తలుపు వేసుకుని వేడినీళ్లలో చిటికెడు కలుపుకుని తాగాడు. చేదుకు ముఖం చిట్లించాడు. భోజనమయ్యాక భార్య ఇచ్చిన పాలు కూడా అదే రుచిగా తగిలితే నోట్లో ఇంకా పోలేదనుకున్నాడు. చిన్నప్పుడు నీకు నేనే తలంటేదాన్ని అంటూ తల్లి గిన్నెడు నూనె మాడుకు ఇంకించింది. ఎప్పుడూ వద్దనే కొడుకు ఈసారి వద్దనకపోయేసరికి ఆవిడ కళ్లు చెమర్చాయి. ఆయన తొమ్మిది కూడా కాకముందే నిద్రపోయాడు.

శుక్రవారం పొద్దున ఎందుకైనా మంచిదని అందరూ మరో విడత వేశారు. ఒక్కపూటే అని నీలం పెన్సిలుతో రాసి ఉంది, నిజమే. కానీ పరీక్ష పొద్దున కదా అని ఎవరికి వారు సర్దిచెప్పుకున్నారు. మొదట ఆయన రోజూ వేసుకునే మాత్ర. తర్వాత తనకు తాను కలుపుకున్న చిటికెడు. తర్వాత భార్య టీ. తర్వాత తల్లి నూనె. తొమ్మిదింటికి కండక్టరు ఫ్లాస్కుతో దిగాడు, దారిలో తాగుదామన్నా అంటూ. దారి పది నిమిషాలే. అయినా ఆయన రెండు కప్పులు తాగాడు.

డిపో ఆసుపత్రిలో కొత్త డాక్టరమ్మ ఉంది. వరండాలో బెంచీ మీద డ్రైవర్లు ఒకరి పక్కన ఒకరు, చొక్కా చేతులు పైకి మడిచి కూర్చున్నారు. మన డ్రైవరు తన వంతు వచ్చేదాకా ఎదురుగోడ మీది సున్నం పెచ్చును చూస్తూ కూర్చున్నాడు. అంత అందమైన పెచ్చును జన్మలో చూడలేదనిపించింది. డాక్టరమ్మ పట్టీ చుట్టింది. గాలి కొట్టింది. నూట ఎనిమిది. పోయిన ఏడాది కాగితం చూసి, మళ్లీ కొట్టింది. నూట ఆరు.

"కొత్తగా మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగింది.

"లేదండీ," అన్నాడాయన. ఆ డిపోలో ఇరవై తొమ్మిదేళ్లలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. అది కూడా ఎంతో నెమ్మదిగా, మర్యాదగా వచ్చింది.

డాక్టరమ్మ కళ్లు, చెవులు, మోకాళ్లు చూసి పచ్చ కార్డు మీద సంతకం పెట్టింది. ఈ వారంలో ఇంత ప్రశాంతంగా ఉన్న డ్రైవరును చూడలేదని మెచ్చుకుంది కూడా.

బయట ముగ్గురూ కాచుకుని ఉన్నారు. భార్య కూరగాయలకని, తల్లి మోకాలి నొప్పి చూపించుకోవడానికని చెప్పి వచ్చారు. పచ్చ కార్డు చూడగానే కండక్టరు డ్రైవరును కావిలించుకున్నాడు. తల్లి కార్డును కళ్లకద్దుకుంది. ముగ్గురి ముఖాల్లోనూ ఒకే రకమైన గర్వం, ఇది నా పుణ్యమే, చెప్పకూడదు గానీ అన్నట్టు. డ్రైవరు బెంచీ మీద కూర్చుని, ఇప్పుడే లేస్తానని చెప్పి, నోరు తెరుచుకుని నిద్రపోయాడు. భోజనానికి లేపాల్సి వచ్చింది. భోజనం మధ్యలో ఇంకోసారి లేపాల్సి వచ్చింది. పాపం, రాత్రంతా ఆదుర్దాతో నిద్రపోయి ఉండడు అన్నాడు కండక్టరు. తొమ్మిదింటి నుంచీ గురక పెట్టాడని తెలిసిన భార్య మాత్రం ఆ మాటకు తలెత్తి చూసింది. 

రెండింటికి పది నిమిషాలుండగా పదిహేడో నంబరు షెడ్డు ముందు నిలబడి ఉంది. తన ఊపిరి తాను వింటూ డ్రైవరు సీటెక్కాడు. ఇంటికి పోవడానికి భార్య, తల్లి కూడా అదే బస్సులో ముందు సీట్లో కూర్చున్నారు. జనం ఎక్కుతున్నారు. పుస్తకాల సంచులతో ఇద్దరు ఆడపిల్లలు, చేతికర్ర ముసలాయన, చంటిపిల్లను భుజాన వేసుకున్న ఒక తల్లి. డ్రైవరు తన అలవాటు ప్రకారం కుడి అద్దం చూశాడు, లోపలి అద్దం చూశాడు, ఎడమ అద్దం చూశాడు. ఎడమ అద్దంలోంచి చూపు తిరిగి రాలేదు. ఆయన దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

భార్య అది గమనించింది. ఒక్క చిటికెడుకు మనిషి ఇలా అయిపోతాడా, లేక చేయి జారి ఎక్కువ వేశానా అని ఆవిడకు భయం పట్టుకుంది. పచ్చ కార్డు చూసినప్పటి సంతోషం ఏమైందో తెలియదు. ఈ నలభై మందికి ఏమైనా అయితే అనుకుంది, ఆయనకే ఏమైనా అయితే అనుకుంది, చెబితే ఆయన గొడుగుల పాలవుతాడు కదా అనుకుంది. అయినా లేచింది. పక్కన అత్తగారు కూడా అప్పటికే లేచి నిలబడి ఉంది. వెనక తలుపు దగ్గర కండక్టరు ఈల నోట్లో పెట్టుకున్నాడు. బుగ్గలు ఉబ్బాయి గానీ ఈల మోగలేదు. రెండయింది. రెండు దాటి నాలుగు నిమిషాలయింది. ఏమయ్యా, ఊదవేం అని ఎవరో అడిగారు. అతను ఈల తీసి జేబులో పెట్టుకుని, కిందికి దిగి బస్సు ముందుకు పరిగెత్తాడు.

అత్తాకోడళ్లు కూడా దిగి అక్కడికే చేరారు. ముగ్గురూ బస్సుకు అడ్డంగా నిలబడి చేతులు చాచారు. తీరా చూస్తే డ్రైవరు సీటు ఖాళీగా ఉంది. ఆయన తాళంచెవి తీసి చేతిలో పట్టుకుని, తన వైపు తలుపు తెరిచి, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతున్నాడు.

"నేను నడపలేను," అన్నాడాయన. "నాకు కళ్లు మూతపడుతున్నాయి. లోపల చంటిపిల్ల ఉంది."

వేరే డ్రైవరు వచ్చి బస్సు తీసుకుపోయాడు. పదిహేడో నంబరు పదకొండు నిమిషాలు ఆలస్యంగా కదిలింది. దాని చప్పుడు మలుపు తిరిగి వినబడకుండా పోయేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు. ఏడుపు వస్తోందని భార్యకు అర్థమైంది. వచ్చి చేయి పట్టుకుంది.

డాక్టరమ్మ గదిలో ఆయన పచ్చ కార్డు బల్ల మీద పెట్టి, పొద్దున అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాడు. లోపలి జేబులోంచి పొట్లం తీసి కార్డు పక్కన ఉంచాడు. భార్య దాన్ని చూసి బిత్తరపోయింది. చేతిసంచిలోంచి తన పొట్లం తీసి దాని పక్కన పెట్టింది. నిన్న పాలలో ఒకసారి, ఇవాళ టీలో ఒకసారి అని గొణిగింది. కండక్టరు తలవంచుకుని మూడోది పెట్టాడు. చివరికి ముసలావిడ కొంగుముడి విప్పింది.

"నూనె కాచింది నేనే. ఎలుకా లేదు, గిలుకా లేదు," అంది.

ఒకే కాగితం, ఒకే మడత, ఒకే నీలం పెన్సిలు. డాక్టరమ్మ నాలుగు పొట్లాలనూ వరసగా చూసింది. భార్యకు మాత్రం ఆ క్షణంలో ఇంకో సంగతి గుర్తొచ్చింది.

"ఎలుక లేదని తెలిసి కూడా నాచేత ఆ అల్మారా ఎందుకు తోయించారు?"

"నువ్వూ తోశావుగా," అన్నాడు డ్రైవరు.

డాక్టరమ్మ ఆయనను పడుకోబెట్టి మళ్లీ చూసింది. తొంభై ఆరు. లేచి నిలబడమంటే తూలాడు. సాయంత్రం దాకా అక్కడే ఉంచి, నీళ్లు తాగించి, గంటగంటకూ చూసింది. మధ్యలో ఆ పొట్లాలు కట్టిన దుకాణానికి ఫోను చేసింది. ప్రశ్నల పెద్దమ్మ విషయమంతా వింది. తర్వాత, నేను ఎనిమిది ప్రశ్నలూ అడిగానమ్మా, అన్నిటికీ మంచి జవాబులే వచ్చాయి, వేరే మనిషి గురించి వచ్చాయి అంది. మర్నాటి నుంచీ ఆవిడ తొమ్మిదో ప్రశ్న చేర్చింది. ఇది తాగేది నిజంగా నువ్వేనా అని కళ్లలోకి చూసి అడుగుతోందట.

మూలికను తిట్టలేదు డాక్టరమ్మ. అది మందే, అందుకే భయపడాలి అని నలుగురినీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. బీపీ మాత్ర వేసుకునే మనిషికి డాక్టరును అడగకుండా ఇలాంటివి ఇవ్వకూడదు. నిద్రమాత్రలతో కలపకూడదు. ఇది తాగినవాళ్లు బండి ముట్టుకోకూడదు. అన్నిటికంటే ముందు, ఒకరికి చెప్పకుండా ఇంకొకరు ఇవ్వకూడదు. నలుగురూ బడిపిల్లల్లా తలలూపారు. డ్రైవరు మాత్రం గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. పొద్దుటి పెచ్చు ఇప్పుడాయనకు పెచ్చులాగే ఉంది.

"గొడుగుల గదికి రాసేయండి డాక్టరమ్మా. నా మందు దిగిపోయాక ఎలాగూ నూట డెబ్భైకి వెళ్తుంది. మీ చేతిలో ఆ పట్టీ చూస్తే నాకు ప్రాణం పోతుంది."

"కార్డు చేతికొచ్చాక కూడా ఎందుకు దిగారు? ఎవరూ మిమ్మల్ని అడగలేదుగా?"

"ఇరవై తొమ్మిదేళ్లుగా వాళ్లు నన్ను చూసి కాదమ్మా ఎక్కేది. నంబరు చూసి ఎక్కుతారు. లోపల ఎవరున్నారో చూడరు. మనమే చూసుకోవాలి."

డాక్టరమ్మ పచ్చ కార్డును సొరుగులో పెట్టింది, చింపలేదు. తెల్లకోటును చూసి పెరిగేదాన్ని తెల్లకోటు వేసుకుని కొలిస్తే ఏం తెలుస్తుందని తనలో తాను అనుకున్నట్టు అంది. నాలుగు రోజులు సెలవు పెట్టించింది, మూలిక వాసన కూడా తగలకూడదంది. అయిదో రోజున చేతికి ఒక చిన్న యంత్రం కట్టింది. అది రోజంతా ఒంటి మీదే ఉంటుంది. అరగంటకోసారి తనంతట తానే గాలి కొట్టుకుని, కొలిచి, రాసుకుంటుంది. చొక్కా చేయి కిందికి దించేస్తే ఎవరికీ కనబడదు. పక్క సీట్లో ఇంకో డ్రైవరును కూర్చోబెట్టి, మామూలుగా బస్సు నడపండి, మామూలుగా ఇంటికి వెళ్లండి అని చెప్పి పంపింది.

ఆయన నడిపాడు. తొలి రెండు స్టాపుల దాకా యంత్రం ఎప్పుడు బిగుసుకుంటుందా అని పెదవి కొరుక్కున్నాడు. మూడో స్టాపులో చేతికర్ర ముసలాయన, నాలుగు రోజులు ఎక్కడికి పోయావు, ఆ కొత్తవాడు నేనెక్కకుండానే కదిలించాడు అని ఫిర్యాదు చేశాడు. ఆ ఫిర్యాదు వింటూ డ్రైవరు చేతికి యంత్రం ఉందన్న సంగతే మరచిపోయాడు. రాత్రి భోజనానికి ఇల్లు చేరాడు.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ బల్ల చుట్టూ మళ్లీ నలుగురూ చేరారు. యంత్రం రాసిన కాగితం పొడుగ్గా ఉంది, దాని పక్కన ఏ వేళకు ఏం జరిగిందో నిన్న పక్క సీట్లో కూర్చున్న డ్రైవరు రాసిచ్చిన చీటీ. ఆవిడ పై నుంచి వేలు పెట్టి చదువుతూ వచ్చింది. రెండు గంటల పది నిమిషాలు, బస్సు బయలుదేరిన కాసేపటికి, నూట ఇరవై ఎనిమిది. మూడూ పదికి రైల్వే గేటు పడింది, వెనక లారీలన్నీ హారన్లు కొడుతున్నాయి, నూట ఇరవై రెండు. అయిదూ నలభైకి ఆఫీసులు వదిలిన రద్దీ, మెట్ల మీద జనం, నూట పద్దెనిమిది. బస్సులో ఉన్నంతసేపూ నూట ముప్పై దాటలేదు. డ్రైవరు ఊపిరి బిగబట్టి వింటున్నాడు. భార్య ఆయన భుజం మీద చేయి వేసింది. ముసలావిడ కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాత డాక్టరమ్మ వేలు ఒక చోట ఆగింది.

"రాత్రి ఎనిమిది నలభైకి నూట అరవై నాలుగు. తొమ్మిదీ పదికి నూట అరవై ఎనిమిది. అప్పుడేం జరిగింది?"

 డ్రైవరు కాగితం మీదికి వంగి చూశాడు. ఏమీ జరగలేదండీ, భోజనం చేస్తున్నాను అన్నాడు. ఇంట్లో అందరూ ఉన్నారా అని ఆవిడ అడిగింది. ఉన్నామంది భార్య. ఎలా ఉందండీ, గుండె దడగా ఉందా, కళ్లు తిరుగుతున్నాయా అని కుడిపక్కన కూర్చుని తను అడుగుతూనే ఉంది. నా మాట వినరా, ఇంకో ముద్ద తినరా, ఏం దాస్తున్నావురా అని ఎడమపక్కన తల్లి. యంత్రం ఎంత చూపిస్తోందన్నా అని ఎదురుగా కండక్టరు, పలకరించి పోదామని వచ్చి రెండు గంటలు కూర్చున్నాడు. ఇప్పుడిక ఏదీ దాచుకోవద్దని డాక్టరమ్మే చెప్పింది కదా అన్నారు ముగ్గురూ.

డాక్టరమ్మ కాసేపు కాగితాన్నీ, కాసేపు ఆ ముగ్గురినీ చూసింది. మాత్ర వేసుకునే వేళ పొద్దుటి నుంచి సాయంత్రానికి మార్చింది. నెల తర్వాత మళ్లీ యంత్రం కట్టించుకోమని చెప్పింది. తర్వాత సొరుగులోంచి పచ్చ కార్డు తీసి, పాత సంతకం కింద కొత్త తేదీ వేసి, దాని పక్కన డిపో మేనేజరు కోసం రెండు వాక్యాలు రాసింది.

బస్సు నడపడానికి అన్ని విధాలా అర్హుడు. సెలవులు ఎక్కువగా ఇవ్వరాదు.